మరోదా చికారా, రవేలి హార్మోనియం

భిలాయి ఉక్కు కర్మాగారానికి కావలసిన ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి రైలు మీద వస్తుంది. ఆ మార్గంలో దుర్గ్ పట్టణానికి సమీపాన మరోదా అని ఒక చిన్న స్టేషను ఉన్నది. మరోదా మొదట ఒక పల్లె. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరిన తరువాత దుర్గ్ పరిసరాల పల్లెల భూములు కర్మాగారానికీ, దాని ఉద్యోగుల నగరానికీ సేకరించారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి ఊదుకొలిమిని ప్రారంభించాడు. ఆ పల్లె పేరు ఇప్పుడు ఒక స్టేషనుకూ, కర్మాగారానికి నీరందించే ఒక పెద్ద చెరువుకూ, ఉద్యోగుల ఇండ్లు వరుసలుగా ఉన్న ఒక సెక్టారుకూ మిగిలి ఉన్నది. తెలుగువారికి ఇది పరాయి ఊరు కాదు. కర్మాగారం కట్టిన నాటినుంచి ఆంధ్ర దేశపు ఉత్తర జిల్లాలవారు వేల సంఖ్యలో ఇక్కడికి వచ్చి పనులలో కుదిరి, పిల్లలను పెంచి, ఇక్కడివారే అయిపోయారు.

ఈ మరోదా సెక్టారులో కుహుకి కళాగ్రామం అనే ఒక సంగ్రహశాల ఉన్నది. దానిని నెలకొల్పిన రిఖీ క్షత్రియ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసినవాడు. కొలువు కర్మాగారంలో, మనసు వాద్యాల మీద. సెలవు దొరికినప్పుడల్లా ఛత్తీస్‌గఢ్ పల్లెలలో, బస్తరు అడవులలో తిరిగి, జనం వాయించడం మానివేసిన వాద్యాలను వెదకి తెచ్చుకోవడం ఆయనకు వ్యసనమైంది. ఆ విధంగా నూటికి పైగా వాద్యాలు పోగయినవి. ‘లోకరాగిణి’ అనే నృత్యబృందాన్ని కూడా ఆయనే నడిపాడు. తెచ్చిన వాద్యం గోడకు వ్రేలాడి ఊరుకొనక, ఆటగాళ్ల కాళ్లకు మళ్లీ తాళం అందించాలన్నది ఆ బృందం ఉద్దేశం.

ఇటువంటి మనిషిని హిందీలో ‘శౌకీన్’ అంటారు. తెలుగులో దీనికి సరిపోయే మాట దొరకదు. ‘ఔత్సాహికుడు’ అన్నది పత్రికలవారు కల్పించుకొన్న మాట. అందులో ఉత్సాహం ఉన్నదే కాని, శౌకీన్‌లో ఉన్న మోహం లేదు. శౌక్ పట్టినవాడు ఆ వస్తువు కోసం డబ్బు పోగొట్టుకొంటాడు, ఇంటివారితో మాట పడతాడు, అయినా మానుకోలేడు. ‘వ్యసనం’ అన్న మన పాత మాట దీనికి కొంత దగ్గరగా వస్తుంది. ఒకప్పుడు దానికి ఇప్పుడున్నంత చెడ్డ అర్థం లేదు.

పాత వాద్యాలను సేకరించేవారిని గురించి వ్రాసేటప్పుడు అవి ఎందుకు కనుమరుగైనవో చెప్పడం ఆచారం. సినిమా వచ్చింది, రేడియో వచ్చింది, కర్మాగారం వచ్చింది, పల్లె చెదిరింది, పాట పోయింది అంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. బాంస అనే పొడవైన వెదురు పిల్లనగ్రోవిని రావుతులు, అంటే అక్కడి గొల్లలు, గాథాగానానికి ఊదుతారు. పశువుల మందలతో పాటు దానికీ తావు తగ్గింది. బస్తరులోని ధన్‌కుల్‌ది మరొక కథ. కుండ మూతి మీద చేట బోర్లించి, చేట మీద విల్లు ఆనించి, వెదురు పుల్లతో ఆ వింటిని గీరుతూ గురుమాయిలనే స్త్రీలు జగార్ గాథలు పాడతారు. కుండ, చేట, విల్లు ఇంటిలో ఉండే సామానులే గనుక అది ఆ గాథతోనే నిలవాలి, ఆ గాథతోనే పోవాలి. కాని చికారా సంగతి వేరు. ఛత్తీస్‌గఢ్‌లో ప్రఖ్యాతమైన నాచా మేళం నుంచి చికారాను తొలగించినది సినిమా కాదు, కర్మాగారం అంతకన్నా కాదు. ఆ పని చేసినవాడు నాచా కోసం ఆస్తి అంతా ఖర్చు చేసిన ఒక శౌకీన్. పైగా అతడే ఆ మేళంలో చికారా వాయించేవాడు.

అతడి పేరు దులార్ సింగ్. లోకం మందరాజీ దాఊ అని పిలిచింది. దాఊ అన్నది ఛత్తీస్‌గఢ్‌లో భూస్వామికి గౌరవవాచకం. మన పల్లెల్లో దొర అన్నట్లు. రాజనాందగావ్‌కు కొద్ది మైళ్ల దూరంలోని రవేలి గ్రామంలో ఒక మాల్గుజారు ఇంట 1911 ఏప్రిల్ 1న పుట్టాడు. మందరాజీ అన్న పేరును గురించి ఒక కథ చెప్పుకొంటారు. పసితనంలో బొజ్జ పెంచుకొని బొద్దుగా ఉండేవాడట. పెరటి తులసికోట దగ్గర అటువంటి బొజ్జతోనే ఒక బొమ్మ ఉండేదట. దానిని ఇంటివారు మదరాసీ అనేవారు. తాతగారు మనుమడిని కూడా ఆ పేరుతోనే వేళాకోళంగా పిలిచాడు. ఆ మాట నోళ్లలో నలిగి మందరాజీ అయింది. దక్షిణాదివారి మీద ఉత్తరాదివారు చేసే పరిహాసం ఒకటి ఒక కళాకారుడికి చిరస్థాయి నామమై నిలవడం ముచ్చటగానే ఉన్నది.

నాచా అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. మన వీథిభాగవతానికి అది దాయాది, కాని భాగవతం కంటె కొంటెది. రాత్రి భోజనాలయిన తరువాత మొదలై తెల్లవారేవరకు సాగుతుంది. వేదిక ఉండదు. ప్రేక్షకులు చుట్టూ చాపలు పరచుకొని కూర్చుంటారు. జోక్కడ్ అనే హాస్యగాడు జతగానితో వచ్చి నవ్విస్తాడు. ‘పరీ’ అనే పాత్ర ధరించిన పురుషుడు తలమీద ఇత్తడి చెంబు నిలిపి పాడుతూ ఆడుతూ వస్తాడు. నడుమ నడుమ గమ్మత్ అనే చిన్న చిన్న ప్రహసనాలు జరుగుతాయి. వ్రాసిన నాటకం ఉండదు. కథ అందరికీ తెలుసు, మాటలు అప్పటికప్పుడు పుడతాయి. మొదట్లో వాద్యకారులు కూడా కూర్చొనేవారు కారు. తబలా నడుముకు కట్టుకొని, చికారా రొమ్ముకు ఆనించుకొని, ఆటగాళ్ల వెంట రాత్రంతా నిలబడి తిరుగుతూ వాయించేవారు. దీనినే ‘ఖడే సాజ్’, అనగా నిలుచుండు మేళం అన్నారు. కాగడాల వెలుతురే దీపం.

చికారా ఆ నిలుచుండు మేళానికి తగిన వాద్యం. తోలు బిగించిన చిన్న కొయ్యదోనె, కొద్ది తంత్రులు, ఒక కమాను, ఇంతే. బరువు లేదు. పల్లెలోనే తయారవుతుంది. పాడేవాని గొంతు ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతికి లాగుకోవచ్చు. గొంతు జారితే తానూ జారుతుంది, వణికితే తానూ వణుకుతుంది. లోపం ఒక్కటే: గట్టిగా పలకదు. యాభైమంది వినే చోట చాలు. అయిదువందల మంది గుమిగూడితే వెనుకవారికి అందదు.

దులార్ సింగ్ బాల్యం నుంచే పల్లె వాయిద్యగాండ్ర దగ్గర చికారా, తబలా నేర్చుకొన్నాడు. మాల్గుజారు బిడ్డ రాత్రిపూట నాచా మేళాల వెంట తిరగడం తండ్రికి నచ్చలేదు. మందలించాడు, మాట వినలేదు. పెండ్లి చేస్తే దారికి వస్తాడనుకొన్నాడు, అదీ కాలేదు. ఈ కథ మన దేశంలో ఎందరి ఇండ్లలో జరగలేదు? అయితే మిగిలినవారు ఇల్లు విడిచి కంపెనీలో చేరారు. దులార్ సింగ్ ఇల్లు విడువలేదు, కంపెనీనే ఇంటికి తెచ్చుకొన్నాడు. 1927-28లో ఐదుగురితో రవేలి నాచా పార్టీ పుట్టింది. గమ్మత్ ఆడేవారు ఇద్దరు, పరీ ఒకడు, తబలా వాయించేవాడు ఒకడు. చికారా స్వయంగా దాఊ. అంతకుముందు నాచా ఉన్నది కాని, ఒక పేరుతో, ఒకే మనుష్యులతో నిలకడగా ఉన్న మేళం లేదు. పెండ్లికో జాతరకో కొందరు కూడి ఆడి ఎవరి ఇంటికి వారు పోయేవారు. స్థిరమైన మేళం కట్టడమంటే ఆటగాండ్రకు తిండి, బట్ట, పండుగకు బహుమానం, పంటలు పోయిన ఏట అప్పు, అన్నీ ఒకరు చూడాలి. ఆ ఒకడు దాఊ. ప్రదర్శనకు ప్రతిఫలం పుచ్చుకొని వ్యాపారం చేయాలన్న తలంపు ఆయనకు కలిగినట్లు కనబడదు.

1930లలో తొలినాళ్లకే ఆయన దృష్టి హార్మోనియం మీదికి పోయింది. దానిని కొనడానికి 1933-34 ప్రాంతంలో పినతండ్రి వరసైన టీకమ్‌నాథ్ సావ్‌నూ, మేనమామ నీలకంఠ సాహూనూ వెంటబెట్టుకొని కలకత్తా వెళ్లాడు. ముగ్గురు గ్రామస్థులు ఒక సంగీతపు పెట్టె కోసం ఛత్తీస్‌గఢ్ నుంచి కలకత్తా దాకా రైలెక్కి, అక్కడ దినాల తరబడి ఉండి, దుకాణాలు తిరిగి, వాయించి చూసి, బేరమాడి ఉంటారు. శౌక్ అన్న మాటకు నిఘంటువులో అర్థం వెదకనక్కరలేదు. ఈ ప్రయాణం చాలు. టీకమ్‌నాథ్ సావ్‌కు అప్పటికి నాలుగైదేండ్ల కొడుకు ఉన్నాడు. ఆ పిల్లవాడు ఖుమాన్‌లాల్ సావ్. అతని సంగతి తరువాత వస్తుంది.

కలకత్తాకే వెళ్లడంలో అర్థం ఉన్నది. హార్మోనియం మన దేశపు వాద్యం కాదు. గాలి తగిలినప్పుడు ఆడే లోహపు నాలుకలతో పెట్టె వాద్యాలు యూరపులో పందొమ్మిదవ శతాబ్దంలో పుట్టినవి. 1829లో వియన్నాలో డెమియన్ అకార్డియనుకు హక్కు పొందాడు. 1842లో పారిస్‌లో డెబాన్ హార్మోనియం అన్న పేరును పేటెంటు చేసుకొన్నాడు. అది కుర్చీలో కూర్చొని కాళ్లతో తిత్తులు త్రొక్కుతూ వాయించే పెట్టె. క్రైస్తవ మతబోధకులతోనూ, దొరలతోనూ ఇక్కడికి వచ్చింది. నేలమీద చాప పరచుకొని కూర్చొనే దేశంలో కాళ్ల తిత్తులు పనికిరావు. ఆ శతాబ్దం చివర కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తిత్తిని పెట్టె వెనుకకు మార్చి ఎడమచేతితో కొట్టేటట్లు చేశాడు. అప్పటినుంచి అది మనదైపోయింది. తెలుగు నాటకరంగానికి దీనిని వేరే చెప్పనక్కరలేదు. 1880 ప్రాంతాల ధార్వాడ నాటక సమాజం వచ్చి వెళ్లిన పిమ్మట నెలకొన్న మన పద్యనాటకాన్ని హార్మోనియం లేకుండా ఊహించడమే కష్టం. నటుడు శ్రుతి తప్పితే దానిని కప్పిపుచ్చినదీ అదే. ‘వన్స్ మోర్’ అన్నప్పుడు ఊపిరి తీసుకొనే వ్యవధి ఇచ్చినదీ అదే.

రవేలి మేళంలోకి హార్మోనియం రాగానే ఆటస్వరూపం మారింది. పెట్టె ధ్వని దూరానికి వినబడుతుంది. జనం ఎక్కువగా కూడవచ్చు. కాని బరువు గల పెట్టెను మెడకు తగిలించుకొని తెల్లవారేవరకు తిరగడం దుర్భరం. క్రమంగా వాద్యకారులు ఒక ప్రక్క కూర్చొన్నారు. వాద్యకారులు కూర్చొన్న మీదట ఆటకు ఒక ముఖం, ఒక వెనుక ఏర్పడినవి. అంతకుముందు నాలుగు ప్రక్కల ఆడిన ఆట ఇప్పుడు ఒక దిక్కుకు తిరిగింది. కాగడాల స్థానంలో పెట్రోమాక్స్ దీపం వచ్చింది. ఆ మార్పు కూడా దాఊ చేసినదే. వెలుతురు నిలకడగా ఉండేసరికి ముఖంలోని భావం వెనుకవారికీ కనబడింది. మూడు నాలుగేండ్లలో నాచా చిన్న గుంపు వినోదం నుంచి పెద్ద సభగా పెరిగింది. చికారా మాత్రం ఆ సభలో చోటు పోగొట్టుకొన్నది. దానిని ఎవరూ నిషేధించలేదు. దాఊ చేతినుంచి దిగింది, మరొకరు ఎత్తుకోలేదు.

ఇటువంటి మార్పు ఒక్క రవేలిలోనే సంభవించినది కాదు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కేజన్లనే ఫ్రెంచి భాషీయులున్నారు. వారి పూర్వులు నేటి కెనడాలోని అకేడియా ప్రాంతపు రైతులు. 1755లో ఆంగ్ల ప్రభుత్వం వారిని ఓడలెక్కించి వెళ్లగొట్టింది. చెదరిపోయినవారిలో కొందరు 1760ల నుంచి లూసియానా చిత్తడి నేలలకు చేరి మళ్లీ సేద్యం మొదలుపెట్టారు. శనివారం రాత్రి ఎవరో ఒకరి ఇంట కూడి నాట్యం చేయడం వారి వాడుక. ఆ నాట్యాలకు ‘ఫే డో డో’ అని పేరు. పసిపిల్లలను నిద్రపుచ్చే మాట అది. పిల్లలను ప్రక్క గదిలో పడుకోబెట్టి పెద్దలు తెల్లవార్లూ ఆడేవారు. వారి మొదటి వాద్యం ఫిడేలు. ఒకటి పాట పలికితే మరొకటి తాళం పట్టేది. పందొమ్మిదవ శతాబ్దం చివర జర్మనీ నుంచి పది మీటల చిన్న అకార్డియన్ వచ్చింది. అది ఒకే స్థాయిలో, కొద్ది స్వరాలు మాత్రమే పలికే మొండి వాద్యం. కాని గట్టిగా మ్రోగుతుంది, నాట్యశాలలో కాళ్ల చప్పుడును మించి వినబడుతుంది. ఫిడేలు దానికి లొంగింది. అకార్డియన్ పలకలేని పాత బాణీలు ఒక్కొక్కటే జారిపోయినవి. కమాను వాద్యాన్ని గాలిపెట్టె త్రోసివేయడం, అందుకు గట్టిగా పలకడమే కారణం కావడం, అక్కడా ఇక్కడా ఒక్కటే.

రవేలి మేళం పుట్టిన కాలంలోనే, 1928 ఏప్రిల్‌లో, న్యూ ఆర్లియన్స్‌లో కొలంబియా కంపెనీ కేజన్ల పాటను మొదటిసారి రికార్డు చేసింది. పాడి అకార్డియన్ వాయించినవాడు జో ఫాల్కన్. ప్రక్కన గిటారు పట్టుకొన్నది క్లియోమా బ్రో. తరువాత అతడి భార్య అయింది. ఇద్దరే వచ్చారు, ఇంత చిన్న మేళంతో రికార్డు అమ్ముడుపోతుందా అని కంపెనీవారు సందేహించారట. వెంట వచ్చిన వర్తకుడొకడు అయిదువందల ప్రతులు తానే కొంటానని హామీ ఇచ్చాడని చెబుతారు. ఆ గిటారే కొద్దికాలంలో మరొక తిరుగుబాటుకు కారణమైంది. 1930లలో గిటార్లు, ఫిడేళ్లతో కొత్త మేళాలు లేచి అకార్డియన్‌ను మూలకు నెట్టినవి. మళ్లీ 1948లో ఐరీ లెజూన్ అనే చూపు మందగించిన పల్లెటూరివాడు అకార్డియన్‌తో పాడి రికార్డు ఇచ్చిన తరువాత అది తిరిగి వచ్చింది. అప్పటికి యుద్ధం వల్ల జర్మనీ వాద్యాల దిగుమతి ఆగిపోయింది. అందువల్ల యుద్ధానికి పూర్వపు మోనార్క్, స్టెర్లింగ్ పెట్టెలకు వెల పెరిగింది, వాటిని చూసి అటువంటివే ఇంట చేసుకొనేవారూ బయలుదేరారు. ఆ నాటి గిటార్ల కోసం నేటికీ అక్కడి శౌకీన్లు బ్యాంకులో దాచుకొన్నది ఖర్చు చేస్తుంటారు. చికారాకు ఆ భాగ్యం పట్టలేదు. పాత చికారాకు వెల ఎంత అని అడిగే అంగడి ఛత్తీస్‌గఢ్‌లో లేదు.

ఇక్కడ ఒక విశేషాన్ని మరవకూడదు. దాఊ హార్మోనియాన్ని పల్లెకు తెచ్చిన కొద్ది ఏండ్లకే, 1940 మార్చి 1న, ఆకాశవాణి హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి బహిష్కరించింది. అది విదేశీయం, స్వరాల నడుమ జారుడు పలకలేదు, గమకాన్ని చంపుతుంది అన్నది పండితుల అభియోగం. రవీంద్రుడికి కూడా అది గిట్టేది కాదు. 1971 వరకూ ఆ నిషేధం సాగింది. శాస్త్రరీత్యా పండితుల వాదం సరియైనదే. చికారా పోయిన తరువాత నాచా పాటలో కొంత మెలిక పోయి ఉండక తప్పదు. అయితే రేడియో కేంద్రంలో కూర్చొన్నవారికి అయిదువందల మంది రైతుల వెనుక వరుస కనబడదు. దాఊకు కనబడింది. అతడు స్వరశుద్ధిని ఇచ్చి వెనుక వరుసను కొన్నాడు. ఆ బేరం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అటువంటి బేరమని తెలిసి చేసినాడనే చెప్పాలి, ఎందుకంటే పోయిన వాద్యం తన చేతిలోదే.

వెనుక వరుస దాకా వినబడిన మేళం ఏమి వినిపించినదో చూస్తే ఆ బేరం విలువ కొంత తెలుస్తుంది. ‘మెహతరిన్’ అనే గమ్మత్ అంటరానితనాన్ని ఎత్తిపొడిచింది. తరువాతి కాలంలో ఇదే ‘పోంగా పండిత్’ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది. ‘ఈరానీ’ హిందూ ముస్లిముల ఐకమత్యం, ‘బుఢ్‌వా బిహావ్’ ముసలివాడికి బాలికను కట్టబెట్టడం ఇతివృత్తాలుగా గలవి. ఒక మాల్గుజారు సొమ్ముతో, ఊరి పెద్దలను పరిహసించే ఆట, ఊరి పెద్దల ముందే జరిగేది. స్వాతంత్ర్యోద్యమ కాలంలో దుర్గ్ జిల్లా ఆమదీ గ్రామంలో రవేలి మేళం ఆటను ఆపడానికి పోలీసులు వచ్చారంటే ఆ నవ్వు ఎంత దూరం పోయినదో ఊహించవచ్చు. 1940 మొదలు 1952 వరకు ఆ మేళానికి స్వర్ణయుగమని అక్కడివారు అంటారు.

స్వర్ణయుగం ముగిసిన సంవత్సరాన్ని ఊరకే తలచడానికి వీలులేదు. మధ్యప్రదేశ్‌లో మాల్గుజారీ హక్కులను రద్దు చేసిన చట్టం 1950లో వచ్చి 1951లో అమలు జరిగింది. రైతుకు అది న్యాయం. అందులో సందేహానికి తావు లేదు. కాని రైతుకు నవ్వు పంచిన మేళం జీవించినది కూడా ఆ మాల్గుజారీ మీదనే. దాఊ అంతకుముందే పొలం ఒక్కొక్కటే అమ్ముతూ వచ్చాడు. వాద్యాలకు కొంత, దుస్తులకు కొంత, ఆటగాండ్ర ఇండ్లలో పెండ్లిండ్లకు కొంత. శిస్తు కూడా ఆగిపోయిన తరువాత మిగిలినది చేతిలోని హార్మోనియమే. అతడు జమీందారీ పద్ధతికి సాక్ష్యంగా నిలబడదగినవాడు కాడు. ఆ పద్ధతి ఇచ్చిన సొమ్మును ఇంత నిర్దాక్షిణ్యంగా ఖర్చు చేసినవారు అరుదు.

1958లో రాయపూరు బిడ్డ ఒకడు యూరపు నుంచి తిరిగివచ్చాడు. లండన్‌లో నాటకవిద్య చదివి, బెర్లిన్‌లో బ్రెహ్ట్ మేళం ప్రదర్శనలు చూసిన హబీబ్ తన్వీర్. స్వస్థలంలో ఒక రాత్రి తెల్లవార్లూ నాచా చూసి మోహపడి, మదన్‌లాల్, ఠాకుర్‌రామ్, లాలూరామ్, భుల్వారామ్ మొదలైన ఆరుగురిని ఢిల్లీకి తీసుకొనిపోయాడు. శూద్రకుని మృచ్ఛకటికం ‘మిట్టీ కీ గాడీ’గా వారితో ఆడించాడు. 1959లో నయా థియేటర్ వెలిసింది. 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడింబరో నాటకోత్సవంలో బహుమానం అందుకొన్నది. ఆ ఆటగాండ్రలో ప్రముఖులు రవేలి మేళంలో ఆరితేరినవారే. విదేశాలలో పత్రికలవారు చూసి మెచ్చుకొన్నది ఆ సహజమైన నడక, ఆ అప్పటికప్పుడు పుట్టే మాట. దానికి మూలధనం రవేలి పొలాలు. కేజన్లకూ ఇటువంటి ఘట్టమే తటస్థించింది. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం పాఠశాలల్లో ఫ్రెంచిని త్రోసివేసిన తరువాత వారి పాట పల్లెటూరి మోటు పాటగా చులకనైంది. 1964లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవానికి ముగ్గురు కేజన్లు వెళ్లారు. వారిలో డూయీ బాల్ఫా చివరి క్షణంలో గిటారు పట్టినవాడు. వేలమంది లేచి హర్షధ్వానాలు చేయగా, ఊరికి తిరిగివచ్చి ఆ చప్పట్లు తన ఊరివారికి వినిపించాలని అతడు జీవితాంతం పాటుపడ్డాడు. తేడా ఒక్కటి ఉన్నది. బాల్ఫా తాను వెళ్లి తాను తిరిగివచ్చాడు. రవేలిలో ఆటగాండ్రు వెళ్లారు, దాఊ ఊరిలోనే ఉన్నాడు.

ఇందుకు తన్వీర్‌ను నిందించినవారున్నారు. అది సరికాదు. ఆటగానికి నెలజీతం కావాలి. దాఊ దగ్గర ఇవ్వడానికి పొలం మిగలలేదు. చివరి ఏండ్లలో ఆయన చిన్న చిన్న నాచా మేళాల దగ్గరకు తానే నడచిపోయి, అడిగి, హార్మోనియం వాయించేవాడట. ఒకప్పుడు మేళానికి అన్నం పెట్టినవాడు మేళంలో ఒక చోటు కోసం వెళ్లడం చూసినవారికి కష్టంగా ఉండి ఉండవచ్చు. ఆయన కోరినది ఆ చోటు ఒక్కటే. 1984 సెప్టెంబరు 24న మరణించాడు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడిన పిమ్మట జానపద కళకు ఇచ్చే పురస్కారానికి దాఊ మందరాజీ పేరు పెట్టారు. 2019లో ఆయన జీవితం సినిమాగా కూడా వచ్చింది.

కలకత్తా ప్రయాణానికి మరొక ఫలం ఉన్నది. టీకమ్‌నాథ్ సావ్ కొడుకు ఖుమాన్‌లాల్ హార్మోనియం మీదనే పెరిగాడు. రవేలి మేళంలోనూ వాయించాడు. 1971లో దుర్గ్ సమీపాన బఘేరా గ్రామంలో రామచంద్ర దేశ్‌ముఖ్ ‘చందైనీ గోందా’ అనే సంగీతరూపకాన్ని తలపెట్టినప్పుడు దానికి స్వరకర్త ఖుమాన్‌లాల్ సావ్, పాటలు లక్ష్మణ్ మస్తూరియావి. ఛత్తీస్‌గఢీ భాషకు గౌరవం తెచ్చిన రచనలలో అది ముందు వరుసలోనిది. దేశ్‌ముఖ్ కూడా దాఊయే, తన ఇంటిసొమ్ము ఖర్చు చేసినవాడే. ఖుమాన్‌లాల్ 2019లో కన్నుమూశాడు.

అప్పటికి పోషకులు మారిపోయారు. దాఊల స్థానంలోకి కర్మాగారం వచ్చింది. భిలాయికి సమీపంలోని గనియారీ గ్రామంలో 1956లో పుట్టిన తీజన్‌బాయి తంబూరా చేతబట్టి పాండవుల కథను పురుషులవలె నిలబడి అభినయిస్తూ చెప్పినందుకు కులంవారి వెలి పొందింది. ఆమెకు స్థిరమైన కొలువు ఇచ్చినది ఉక్కు కర్మాగారం. 2019లో పద్మవిభూషణ్ అందుకొన్నది. పంథీ నృత్యాన్ని ఎన్నో దేశాలలో ఆడి చూపిన దేవదాస్ బంజారే (1947-2005) కూడా ఆ కర్మాగారపు ఉద్యోగియే. హాజరుపట్టీలో పేరుండి, నెలకు జీతం వచ్చి, ఆట ఉన్న రోజున సెలవు దొరకడం, మాల్గుజారు దయ మీద బ్రతకడం కంటె మేలైన ఏర్పాటు. అయితే కర్మాగారం ఎవరి చికారానూ మార్చదు, ఎవరి హార్మోనియాన్నీ కలకత్తా నుంచి తీసుకొనిరాదు. ఆ పని ఇప్పటికీ శౌకీన్‌దే. మరోదా సంగ్రహశాల కూడా కర్మాగారం కట్టినది కాదు, కర్మాగారంలో జీతం తీసుకొన్నవాడు కట్టినది.

2021 జనవరి 26న ఢిల్లీ వీథులలో ఛత్తీస్‌గఢ్ శకటం మీద ఊరేగినవి ఆ రాష్ట్రపు జానపద వాద్యాలే. రిఖీ క్షత్రియ బృందం ఇటువంటి ఊరేగింపులలో ఎన్నోమార్లు పాల్గొన్నది. పల్లెలో మ్రోగడం మానిన వాద్యాన్ని దేశమంతా దూరదర్శన్‌లో కొన్ని నిమిషాలు చూసింది. పల్లెలలో నాచా ఆగలేదు. పంటలు ఇంటికి వచ్చిన తరువాత రాత్రులలో ఇంకా జరుగుతూనే ఉన్నది. విద్యుద్దీపాలు, మైకులు వచ్చినవి. మైకు వచ్చిన పిమ్మట గట్టిగా పలకాలన్న అవసరం ఎవరికీ లేదు; చికారాను మైకు దగ్గర పెడితే వెనుక వరుసకు కూడా వినబడుతుంది. కాని దానిని వాయించే చేతులు ఈ నడుమ రెండు తరాలలో తగ్గిపోయినవి. హార్మోనియం ప్రక్కన ఇప్పుడు బెంజో, ఎలక్ట్రిక్ కీబోర్డు కూర్చొంటున్నవి. కొన్ని మేళాలలో పెద్దవాడు హార్మోనియం వాయిస్తుంటే, అతని కొడుకు కీబోర్డు మీద అదే పాటకు మెట్లు వెదుకుతుంటాడు.